బంధం తెగితే శక్తి వస్తుందా, ఖర్చవుతుందా? నన్నారి గ్లాసు నుంచి సున్నం బట్టీ దాకా ఒక లెక్క

మా అక్క కొడుకు ఇంటర్ మొదటి సంవత్సరం. మొన్న ఆదివారం కర్నూలులో మా ఇంటికొచ్చి, రెండు పుస్తకాలు నా ముందు పడేసి, "మామా, బాండ్ తెగితే ఎనర్జీ వస్తాదా, పోతాదా?" అన్నాడు. బయాలజీ నోట్సులోనేమో ఏటీపీలో (కణాల్లో శక్తిని చేరవేసే అణువు) బంధం తెగితే శక్తి విడుదలవుతుందని ఉంది. కెమిస్ట్రీలో బంధం తెంచాలంటే శక్తి ఇవ్వాలని ఉంది. ట్యూషన్‌లో అడిగితే "ఆ పేపర్లో అది రాయి, ఈ పేపర్లో ఇది రాయి" అన్నారంట. మార్కులకైతే సరిపోతుంది, వాడికి మాత్రం నిద్ర పట్టలేదు.

ఈ తికమకకు మూలం పొటెన్షియల్ ఎనర్జీ అనే మాట. తెలుగు పుస్తకాల్లో స్థితిజశక్తి అంటారు. మా వైపు ఇప్పుడిది పేపర్లలో కూడా కనిపిస్తోంది, ఎందుకంటే నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు వచ్చింది. కరెంటు మిగిలినప్పుడు నీళ్లను పై రిజర్వాయరులోకి తోడటం, డిమాండ్ పెరిగాక కిందికి వదిలి టర్బైన్లు తిప్పటం, అంతే దాని పని. పైనున్న నీళ్లకు పొటెన్షియల్ ఎనర్జీ ఉందంటే ఎవరికైనా అర్థమవుతుంది. అదే మాటను మంచుగడ్డకూ, గ్యాస్ సిలిండర్‌కూ, వేరుశనగ గింజకూ వాడితే మాత్రం అందరం తడబడతాం, అక్కడ "పైన", "కింద" అనేవి కంటికి కనపడవు కాబట్టి.

శక్తి నీళ్లలో ఉందా, ఎత్తులో ఉందా?

రెండింట్లోనూ లేదు. నీటికీ భూమికీ మధ్య ఉంది. భూమి నీళ్లను లాగుతోంది, మనం ఆ లాగుడికి ఎదురెళ్లి రెండింటినీ దూరం చేశాం, దానికి ఖర్చు పెట్టింది ఆ జంట ఖాతాలో పడింది. మళ్లీ దగ్గరికి రానిస్తే తిరిగొస్తుంది. స్థితిజశక్తి అంటే ఇంతే: ఒకదాన్నొకటి లాగుకునేవి (లేదా నెట్టుకునేవి) ఎంత దూరంలో, ఏ అమరికలో ఉన్నాయన్న దాన్ని బట్టి ఉండే శక్తి. గతిజశక్తి కదలికది, అది వేరే ఖాతా.

ఒక లెక్క వేద్దాం. వెయ్యి లీటర్ల నీళ్లు, అంటే మేడ మీద ఉండే మామూలు ట్యాంకుడు, వంద మీటర్ల ఎత్తుకు చేర్చామనుకోండి. 1000 × 9.81 × 100, సుమారు 981 కిలోజౌల్స్. కరెంటు బిల్లు భాషలో పావు యూనిట్ కంటే కొంచెం ఎక్కువ, 75 వాట్ల ఫ్యాను మూడున్నర గంటలు తిరిగితే అయిపోతుంది. ముప్పై అంతస్తుల ఎత్తుకు ఒక టన్ను నీళ్లు మోస్తే దక్కింది ఇది! పిన్నాపురం లాంటి చోట రిజర్వాయర్లు అంతంత పెద్దవి ఎందుకు కట్టాలో ఇక్కడే తెలిసిపోతుంది, భూమ్యాకర్షణ చాలా బలహీనమైన లాగుడు. కెమిస్ట్రీలో లాగేది భూమి కాదు, విద్యుదావేశాలు. ప్రోటాన్లు ఎలక్ట్రాన్లను లాగుతాయి, ఒకే రకం ఆవేశాలు నెట్టుకుంటాయి. అక్కడి లెక్కలు వేరే స్థాయిలో ఉంటాయి, వస్తున్నా.

మైనస్ గుర్తు ఎక్కడి నుంచి వచ్చింది

పిల్లలు బెదిరేది ఇక్కడే. "శక్తి మైనస్ 436 ఏంది మామా, అప్పా?" అన్నాడు మావాడు. ఒక రకంగా అప్పే.

అనంతపురం పల్లెల్లో పాత దిగుడుబావి ఒకటి ఊహించుకోండి. నేల మట్టాన్ని సున్నా అనుకుందాం. 10 కిలోల నీళ్లున్న బకెట్ 20 మీటర్ల లోతులో ఉంటే దాని స్థితిజశక్తి సుమారు మైనస్ 1.96 కిలోజౌల్స్. మైనస్ అంటే శక్తి లేదని కాదు, గట్టు మీదికి రావాలంటే బయటి నుంచి ఎవరో 1.96 కిలోజౌల్స్ పెట్టి చేదాలని. బావి ఎంత లోతైతే మైనస్ అంత పెద్దది. సున్నా ఎక్కడ పెట్టుకోవాలన్నది మన ఇష్టం, తేడాలే ముఖ్యం.

కెమిస్ట్రీలో సున్నా అంటే పరమాణువులు ఒకదాని లాగుడు ఇంకొకదానికి తగలనంత దూరంలో ఉండటం. రెండు హైడ్రోజన్ పరమాణువులు అలా దూరంగా ఉంటే సున్నా. దగ్గరయ్యే కొద్దీ బావిలోకి దిగుతున్నట్టే. రెండు కేంద్రకాల మధ్య దూరం 74 పికోమీటర్లు ఉన్నచోట అడుగు తగులుతుంది. ఇంకా దగ్గరికి నెడితే కేంద్రకాలు రెండూ ప్లస్ కాబట్టి నెట్టుకుంటాయి, శక్తి మళ్లీ పైకి లేస్తుంది. ఆ అడుగు నుంచి రెండింటినీ పూర్తిగా విడదీసి పైకి తేవాలంటే ఒక మోల్‌కు (అణువులను లెక్కపెట్టే కొలత, డజను లాంటిదే, చాలా పెద్దది) 436 కిలోజౌల్స్ కావాలి. బంధశక్తి అంటే ఈ లోతే.

ఇది పట్టుకుంటే సగం చిక్కు వీడినట్టే. బలమైన బంధం అంటే శక్తిని గట్టిగా దాచుకున్న బంధం అని చాలామంది అనుకుంటారు, నేనూ డిగ్రీ దాకా అలాగే అనుకున్నా. నిజానికి బలమైన బంధం అంటే లోతైన బావి, అంటే ఏర్పడేటప్పుడే బోలెడంత శక్తి బయటికి వదిలేసుకున్న బంధం. దాన్లో మిగిలింది తక్కువ.

రెండు గ్లాసుల నన్నారి, రెండిట్లోనూ సున్నా డిగ్రీలే

మే నెలలో మా ఊళ్లో నన్నారి షర్బత్ బండి దగ్గర నిలబడితే పదార్థ స్థితుల పాఠం మొత్తం అక్కడే ఉంటుంది. రెండు గ్లాసులు తీసుకోండి, ఒక్కోదాంట్లో 30 డిగ్రీల నీళ్లు 200 మిల్లీలీటర్లు (సిరప్పు, గ్లాసు వేడి పక్కన పెడదాం). మొదటి గ్లాసులో 50 గ్రాముల సున్నా డిగ్రీల నీళ్లు పోయండి. రెండో గ్లాసులో 50 గ్రాముల సున్నా డిగ్రీల ఐసు వేయండి. బరువూ ఒకటే, ఉష్ణోగ్రతా ఒకటే.

మొదటి గ్లాసు 24 డిగ్రీల దగ్గర ఆగుతుంది. రెండోది దాదాపు 8 డిగ్రీలకు పడిపోతుంది.

సున్నా డిగ్రీల ఐసులోనూ సున్నా డిగ్రీల నీళ్లలోనూ అణువుల సగటు కదలిక ఒకటే, ఉష్ణోగ్రత చెప్పేది దాన్నే. ఘనపదార్థంలో అణువులు కదలవని ఎవరైనా చెబితే నమ్మకండి, ఉన్నచోటే వణుకుతూ ఉంటాయి. తేడా అంతా అమరికలో ఉంది. ఐసులో నీటి అణువులు ఒకదాన్నొకటి పద్ధతిగా పట్టుకుని ఉంటాయి. ఆ పట్లలో కొన్ని సడలించాలంటే కిలోకు 334 కిలోజౌల్స్ ఖర్చు. మన 50 గ్రాములకు 16.7. ఆ ఖర్చు గ్లాసులో ఉన్న నీళ్లే భరించాయి, అందుకే అంత చల్లబడ్డాయి. ఈ వేడి థర్మామీటరుకు కనిపించకుండా పోతుంది కాబట్టి దీనికి గుప్తోష్ణం అని పేరు పెట్టారు. మంచి పేరు. ఆ గుప్తంగా పోయిన వేడి స్థితిజశక్తి ఖాతాలో కూర్చుంటుంది.

ఎసరు కాగుతుంటే మంట పెంచితే ఏమవుతుంది

ఏమీ కాదు, గ్యాసు తొందరగా అయిపోతుంది. సంగటికి ఎసరు పెట్టి అది తెర్లుతున్నప్పుడు కూడా మంట పెద్దది చేసేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. నీళ్లు తెర్లడం మొదలయ్యాక మూత తీసిన గిన్నెలో ఉష్ణోగ్రత 100 దగ్గరే ఆగిపోతుంది (మన ఊళ్ల ఎత్తును బట్టి ఒకటి అరా తక్కువే అనుకోండి). పెంచిన మంట అంతా అణువులను ఒకదాన్నుంచి ఒకదాన్ని పూర్తిగా విడదీయడానికి పోతుంది.

ఎంత పోతుంది? లీటరు నీళ్లు 30 నుంచి 100కు చేరడానికి 293 కిలోజౌల్స్. ఆ లీటరు మొత్తం ఆవిరైపోవడానికి ఇంకో 2,257. ఏడున్నర రెట్లకు పైనే. ఈ 2,257 ఎంతో తెలియాలంటే పిన్నాపురం లెక్కలోకి మార్చండి, అంత శక్తితో ఆ లీటరు నీటిని నిట్టనిలువుగా 230 కిలోమీటర్లకు పైనే ఎత్తొచ్చు. కర్నూలు నుంచి హైదరాబాదుకున్న రోడ్డు కంటే ఎక్కువ, అదీ ఆకాశంలోకి.

ఇడ్లీ కుక్కర్ మూత తీసేటప్పుడు చెయ్యి కాలితే అంత మంట ఎందుకో కూడా ఇదే చెబుతుంది. ఒక గ్రాము వేడినీళ్లు 100 నుంచి ఒంటి వేడికి, అంటే 37కు దిగుతూ 263 జౌల్స్ ఇస్తాయి. ఒక గ్రాము ఆవిరి చర్మం మీద నీరుగా మారి ఆ 37కు దిగితే 2,520 జౌల్స్. దూరంగా ఉన్న అణువులు మళ్లీ దగ్గరికి చేరాయి, బాకీ మొత్తం మన చేతి మీద తీర్చాయి.

మట్టి కడవలో నీళ్లు చల్లబడేది దీనికి అద్దంలో బొమ్మ. 10 లీటర్ల కడవ ఒళ్లంతా చెమర్చి 200 మిల్లీలీటర్లు ఆవిరైతే, 30 డిగ్రీల దగ్గర కిలోకు సుమారు 2,430 చొప్పున 486 కిలోజౌల్స్ లాక్కుపోతుంది. బయటి వేడి లోపలికి రాకుండా ఉంటే ఆ 10 లీటర్లూ 11 డిగ్రీలకు పైగా చల్లబడాలి. బయటి వేడి వస్తూనే ఉంటుంది కాబట్టి అంత పడదు గానీ, కర్నూలు ఎండకు ఆ మాత్రం చాలు. గాలిలో తేమ ఎక్కువుండే కోస్తా ఊళ్లలో ఇదే కడవ ఇంత బాగా పనిచేయదు.

వేడి ఇస్తూ పోతే ఉష్ణోగ్రత ఎలా మారుతుందో చూపే పాఠ్యపుస్తకం గ్రాఫు గురించి ఇక్కడ ఒక మాట. ఉష్ణోగ్రత పెరిగే ఏటవాలు గీత మీద వేడి గతిజశక్తికి పోతుందనీ, ఉష్ణోగ్రత ఆగిపోయే అడ్డగీత మీద స్థితిజశక్తికి పోతుందనీ చెబుతారు. మొదట నేర్చుకోవడానికి బాగుంది, పూర్తి నిజం కాదు. కిలో నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.18 కిలోజౌల్స్ కావాలి, ఆవిరికైతే 2 చాలు. నీరు వేడెక్కేటప్పుడు కూడా అణువుల మధ్య పట్లు కొంచెం కొంచెం సడలుతూనే ఉంటాయి, ఆ వాటా స్థితిజశక్తిలోకే పోతుంది. అటు అడ్డగీత కూడా కలగాపులగమే. కిలో నీళ్లు ఆవిరైతే 1,670 లీటర్ల చోటు కావాలి, అంత గాలిని పక్కకు నెట్టడానికే 2,257లో సుమారు 170 ఖర్చయిపోతుంది. మిగిలిందే అణువుల ఖాతాకు.

ఒకే కిలో నీరు, నాలుగు రకాల విడదీత

నీళ్లు తెర్లితే హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోతాయా అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బుడగల్లో ఉండేది నీటి ఆవిరే. అంకెలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఒక కిలో నీటిని వంద మీటర్లు ఎత్తడానికి సుమారు 1 కిలోజౌల్. అదే కిలో ఐసును కరిగించడానికి 334. నీటిని ఆవిరి చేయడానికి 2,257. ఆ ఆవిరిని హైడ్రోజన్ వాయువు, ఆక్సిజన్ వాయువుగా విడగొట్టడానికి సుమారు 13,400. మొదటిది భూమికీ నీటికీ మధ్య లాగుడు, రెండూ మూడూ అణువుకూ అణువుకూ మధ్య, నాలుగోది అణువు లోపల. వంటింటి మంట మూడోదాని దగ్గరే ఆగిపోతుంది.

నాలుగోదాన్ని కొంచెం నిదానంగా చూడాలి, మావాడి ప్రశ్న అక్కడిదే. రెండు మోల్‌ల హైడ్రోజన్, ఒక మోల్ ఆక్సిజన్ కలిసి రెండు మోల్‌ల నీటి ఆవిరి అవుతాయి. ముందు పాతవి తెంచాలి: హైడ్రోజన్ అణువుల లోపలి బంధాలు రెండు, 2 × 436 = 872. ఆక్సిజన్ అణువు లోపలి బంధం ఒకటి, 498. మొత్తం ఖర్చు 1,370. తర్వాత కొత్తవి ముడిపడతాయి: ఆక్సిజన్‌కూ హైడ్రోజన్‌కూ మధ్య నాలుగు బంధాలు, ఒక్కోటి సుమారు 463, మొత్తం రాబడి 1,852. మిగిలింది 482 కిలోజౌల్స్. హైడ్రోజన్ మండితే వచ్చే వేడి ఈ మిగులే.

తెంచడం ఎప్పుడూ ఖర్చే, ఎక్కడా మినహాయింపు లేదు. ముడిపడటం ఎప్పుడూ రాబడే. రాబడి ఎక్కువైతే ఉష్ణమోచక చర్య, ఖర్చు ఎక్కువైతే ఉష్ణగ్రాహక చర్య. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి సీసాలో ఉంచితే వాటంతటవి ఎందుకు మండవంటే, ముందు కొంత ఖర్చు పెట్టనిదే రాబడి మొదలు కాదు. పోరుమామిళ్ల చెరువులో ఎన్ని నీళ్లున్నా కట్ట దాటితేనే కదా కిందికి దూకేది. అగ్గిపుల్ల పని ఆ కట్ట దాటించడమే, ఆ తర్వాత వచ్చిన వేడే మిగతావాటిని దాటిస్తుంది.

బుడ్డ గింజలో శక్తి ఉందంటే ఏమిటి

వంద గ్రాముల వేరుశనగలో 560 క్యాలరీలకు (అంటే కిలోక్యాలరీలకు) పైనే ఉంటాయని ప్యాకెట్ మీద రాస్తారు. అరగ్రాము గింజ ఒకటి గుండుసూదికి గుచ్చి అంటిస్తే నూనె సుర్రుమంటూ మండుతుంది, మసి కూడా బాగా వస్తుంది. దాని మీద చిన్న స్టీలు గ్లాసులో 50 మిల్లీలీటర్ల నీళ్లు పట్టుకుంటే, వేడి మొత్తం నీళ్లకే చేరితే 56 డిగ్రీలు పెరగాలి. సగానికి పైగా చుట్టూ గాలిలోకి పోతుంది, అది వేరే సంగతి.

అదే గింజను గాలి చొరబడని డబ్బాలో పెట్టి కాల్చండి. మాడి బొగ్గవుతుంది, మంట రాదు. శక్తి గింజలోనే ఉంటే ఎక్కడికి పోయింది? గింజకూ ఆక్సిజన్‌కూ మధ్య ఉంది. నూనె బంధాలు, ఆక్సిజన్ బంధాలు తెగి, కార్బన్ డయాక్సైడ్, నీరు అనే చాలా లోతైన బావుల్లోకి పరమాణువులు దిగితే వచ్చే తేడా అది. ఆక్సిజన్ ఉచితంగా అంతటా దొరుకుతుంది కాబట్టి దాని పేరు ఎవరూ ఎత్తరు, పేరంతా గింజ కొట్టేస్తుంది.

మరి బయాలజీ పుస్తకం తప్పా?

జీవరసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ లిప్‌మన్ 1941లో ఏటీపీలోని ఫాస్ఫేట్ బంధాలను అధికశక్తి బంధాలని పిలిచి, వాటికి ఒక వంకరగీత గుర్తు పెట్టాడు. అప్పటినుంచి ఆ మాట అతుక్కుపోయింది. జీవశాస్త్రం చెప్పేవాళ్ల వాదనలో పస ఉంది. కణంలో నీరు ఎప్పుడూ ఉంటుంది, ఏటీపీ తెగడమంటే నీటితో చర్య జరగడమే, మొత్తమ్మీద ప్రామాణిక పరిస్థితుల్లో మోల్‌కు సుమారు 30 కిలోజౌల్స్ పనికొస్తాయి. ప్రతిసారీ కథంతా చెప్పకుండా క్లుప్తంగా అనుకుంటే నష్టమేంటి? కెమిస్ట్రీ వాళ్ల అభ్యంతరం ఏమిటంటే, ఆ క్లుప్తం విన్న పిల్లవాడు బంధాన్ని స్ప్రింగులాగా, టపాకాయలాగా ఊహించుకుంటాడు. తెగిన బంధం ఖర్చే పెట్టించింది, రాబడి వచ్చింది కొత్తగా ముడిపడ్డ వాటి నుంచీ, విడిపోయిన ముక్కలు నీటిలో మరింత స్థిరంగా కుదురుకోవడం నుంచీ. నా మటుకు నాకు రెండో పక్షమే సరైనదనిపిస్తుంది. అయినా పరీక్షలో బయాలజీ పేపరుకు బయాలజీ భాషే రాయమన్నాను, నా వల్ల వాడి మార్కులు పోతే మా అక్క ఊరుకోదు.

కెమిస్ట్రీ వాళ్లూ మరీ శుద్ధంగా మాట్లాడుతున్నారని కాదు. వాళ్లు గీసే పొటెన్షియల్ ఎనర్జీ గ్రాఫులో ఎలక్ట్రాన్ల కదలిక శక్తి కూడా కలిసిపోయి ఉంటుంది. క్వాంటమ్ లెక్కల్లో చూస్తే బంధం ఏర్పడినప్పుడు ఎలక్ట్రాన్ల గతిజశక్తి పెరుగుతుంది, స్థితిజశక్తి దానికి రెట్టింపు తగ్గుతుంది, మొత్తమ్మీద తగ్గుదల మిగులుతుంది. కేంద్రకాల వైపు నుంచి చూస్తే అదంతా కలిపి ఒక్క బావిలాగే పనిచేస్తుంది కాబట్టి ఆ పేరు చెల్లిపోతోంది. ఇంటర్‌కు ఇంత అక్కర్లేదు.

సున్నం: పెట్టిన ఖర్చు పైసాతో సహా తిరిగొచ్చే లెక్క

వాడికి చివరికి అర్థమైంది సున్నంతో. బేతంచెర్ల నుంచి ఎర్రగుంట్ల దాకా మన నేల కింద సున్నపురాయికి కొదవ లేదు. సున్నపురాయిని బట్టీలో 900 డిగ్రీల ప్రాంతంలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి పొడిసున్నం మిగులుతుంది. విడదీత కాబట్టి ఖర్చు: ఒక మోల్‌కు, అంటే వంద గ్రాముల రాయికి, 178 కిలోజౌల్స్. బట్టీలో కట్టెలో బొగ్గో మండి ఆ ఖర్చు భరిస్తాయి. బయటికొచ్చిన గడ్డ చల్లారాక చేత్తో పట్టుకుంటే మామూలు తెల్లరాయే, వేడీ లేదు ఏమీ లేదు.

దాన్ని తొట్టిలో వేసి నీళ్లు పోయండి. కాసేపు ఏమీ కాదు. తర్వాత గడ్డ పగుళ్లిస్తుంది, సుయ్యిమని ఆవిరి లేస్తుంది, నీళ్లు కుతకుతా ఉడికిపోతాయి, కింద మంట లేకుండానే. చిన్నప్పుడు గోడలకు వెల్ల వేసే రోజు తొట్టి దగ్గరికి పోతే పెద్దవాళ్లు చెవి మెలిపెట్టి లాగేవాళ్లు, కళ్లలో పడితే చూపు పోతుందని. మోల్‌కు 65 కిలోజౌల్స్ వస్తాయి. కిలో పొడిసున్నానికి లెక్కేస్తే దాదాపు 1,160, అంటే నాలుగు లీటర్ల నీళ్లను 30 నుంచి 100 దాకా కాచొచ్చు.

"178 పెట్టినాం, 65 వచ్చింది. మిగతా 113 యాడికి పోయింది మామా?" అన్నాడు మావాడు.

గోడకు పోయింది. వెల్ల వేశాక ఆ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ మళ్లీ సున్నపురాయిగా మారుతుంది, వారాలూ నెలలూ పడుతుంది. అలా మారేటప్పుడు మోల్‌కు సరిగ్గా ఆ 113 కిలోజౌల్స్ బయటికొస్తాయి, కాకపోతే ఎంత నిదానంగా అంటే గోడకు చెయ్యి ఆనించినా ఎవరికీ తెలియదు.